మన్యపు వ్యాజ్యము – మన చందా

పరోపకారమునకై యేర్పడిన సంఘము నెవరైనను రెండు ప్రశ్నలడుగవచ్చును. ఏమి చేసితిరి? ఎవరి ధనముతో చేసితిరి? మొదటి ప్రశ్నకు సంఘములవారు ఉత్సాహముతో బదులు చెప్పుదురు. రెండవ ప్రశ్నకు గొంతు తగ్గింతురు. అడుగువారును ఒక్కొక్కప్పుడు లెక్క తెలిసికొనుటకు గాక నింద మోపుటకే యడుగుచుందురు. ఆదివాసుల హక్కులకై పాటుపడు సంఘముల విషయమున ఈ రెండు దోషములును నేడు మిక్కుటముగా కానవచ్చుచున్నవి. కావున ఈ వారము మా పాఠకులతో ఆ సంఘముల పనిని గూర్చియు, వాని పెట్టెను గూర్చియు నాలుగు మాటలు ముచ్చటింపదలచితిమి.

సాతంరాయి పఠనాలయములో పత్రిక చదువువారికి భూమి విలువ యెట్టిదో మేము చెప్పనక్కరలేదు. శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో తెరువబడెను. దానికై ఐదువేల యెకరములకు మించిన నేల సేకరింపబడెను. నాటినుండి ఈ ప్రాంతమున యెకరములు పోయి గజములు వచ్చినవి. నేల పోయినవాని దుఃఖమును, ధర పెరిగినవాని సంతోషమును ఒకే బాట ప్రక్కన చూచుచున్నాము. అయినను ఇచ్చటి రైతునకు ఒక వసతి కలదు. అన్యాయము జరిగెనని తోచినచో హైకోర్టు గంట ప్రయాణములో నున్నది. వచ్చిన నోటీసును చదివి చెప్పగల కొడుకో మేనల్లుడో యింట నుండును. తెలిసిన వకీలొకడు దొరకును. పదిమంది కూడి చందా వేసికొన్నచో ఫీజు సమకూరును. ఈ వసతి యేదియు లేనివాని నేలక్రింద గని బయల్పడినచో వాని గతి యేమి?

ఇది ఊహించి యడిగిన ప్రశ్న కాదు. విశాఖ మన్యములో, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలమున, బొఱ్ఱా గుహలు కలవు. యాత్రికులు రైలు దిగి, గుహలు చూచి, సంతోషించి మరలుచుందురు. ఆ గుహల పరిసర గ్రామములలో కాల్సైటు మున్నగు ఖనిజములున్నవి. వానిని త్రవ్వుకొనుటకు సర్కారువారు ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చిరి. ఆదివాసి తరతరములుగా దున్నుకొను నేలపై, వానికి తెలియని భాషలో వ్రాయబడిన కాగితముతో మరియొకనికి హక్కు వచ్చెను.

చట్టము లేదా యందురేమో. చట్టము చాల దినములనాడే పుట్టినది. మన్యపు భూములు పరుల చేతులలో పడకుండ 1917లోనే మద్రాసు ప్రభుత్వము ఒక శాసనము చేసెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1959లో మరింత గట్టి నిబంధన వచ్చెను. అది 1963లో తెలంగాణపు షెడ్యూలు ప్రాంతములకును వర్తించెను. 1970లో దానిని సవరించి, అట్టి ప్రాంతమున గిరిజనేతరుడు సైతము తన భూమిని గిరిజనునకో, గిరిజనుల సహకార సంఘమునకో తప్ప అన్యులకీయరాదని శాసించిరి. జనులు దీనినే ‘ఒకటి బై డెబ్బది చట్టము’ అందురు. ఇంత కట్టుదిట్టమైన కంచెలో సర్కారువారికే ఒక కంత కనబడెను. ఈ నిషేధము మనుష్యులకే గాని ప్రభుత్వమునకు కాదనియు, సర్కారు తన భూమిని తన యిష్టము వచ్చినవారికి లీజున కీయవచ్చుననియు వారి వాదము.

ఈ వాదమును ప్రశ్నించినది ‘సమత’ యను స్వచ్ఛంద సంస్థ. 1993లో ఆ సంస్థ హైకోర్టు నాశ్రయించెను. అప్పటి హైకోర్టు హైదరాబాదున నుండెను. బొఱ్ఱానుండి ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. 1995లో అచ్చట వ్యాజ్యము వీగిపోయెను. సంస్థవారు ఢిల్లీకి పోయిరి. 1997 జూలై 11వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు వెలువడెను. ముగ్గురు న్యాయమూర్తులలో కె. రామస్వామి, ఎస్. సగీర్ అహమ్మదు గారలు ఒకవైపున, జి. బి. పట్నాయకు గారు వేరువైపున నిలిచిరి. చట్టములోని ‘వ్యక్తి’ యను మాటలో ప్రభుత్వమును చేరుననియు, షెడ్యూలు ప్రాంతములలో సర్కారు భూమిని సైతము గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుగా ఇచ్చుట చెల్లదనియు అధికసంఖ్యాకుల నిర్ణయము. గనుల నికర లాభములో నూటికి 20 పాళ్లకు తక్కువ గాకుండ శాశ్వత నిధిగా నేర్పరచి, ఆ ప్రాంతపు నీటివసతికి, బడులకు, ఆసుపత్రులకు, బాటలకు వినియోగింపవలెననియు వారు చెప్పిరి. ఈ తీర్పును మార్పింపవలెనని వేసిన అర్జీలు 2000లో కొట్టివేయబడినవి.

ఒక్క మాటకు అర్థము తేల్చుటకు నాలుగేండ్లు పట్టెను. ఆ నాలుగేండ్ల ఖర్చును మా పాఠకులు మనస్సున లెక్క వేసికొందురుగాక. పల్లె పల్లెకు తిరిగి అడంగలు కాగితములు, పట్టాలు, లీజుల నకళ్లు సేకరింపవలెను. వానిని ఇంగ్లీషులోనికి మార్పింపవలెను. వకీళ్లకు విషయము బోధింపవలెను. వాయిదా పడినప్పుడెల్ల మరల ప్రయాణము కట్టవలెను. నిరుపేదలకు ఉచిత న్యాయసహాయము కలదు గదా యని కొందరందురు. నిజమే, 1987 నాటి చట్టము ప్రకారము షెడ్యూలు తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకయే వకీలు లభింపవలెను. కాని వకీలు చేతికి కాగితముల కట్ట నెవరందింతురు? ఆ కట్ట తయారగువరకు కొండదారిని నడుచువానికి అన్నమెవరు పెట్టుదురు? వ్యాజ్యములో కోర్టు చూచు భాగము కొంచెము. కోర్టు చూడని భాగమే కొండంత.

పెట్టిన ఖర్చుకు ఫలము దక్కలేదా? దక్కినది. 2015లో గనుల చట్టమును సవరించి, ప్రతి గనుల జిల్లాలోను ఒక ఖనిజ నిధి నేర్పరచిరి. లీజుదారు చెల్లించు రాయల్టీ మీద నూటికి 10 నుండి 30 పాళ్ల వరకు ఈ నిధికి చేరుచున్నది. లాభములో వాటాకు ఇది సమానము కాకున్నను, గని వలన నష్టపడినవారికి గనిలో భాగముండవలెనను న్యాయము చట్టమున కెక్కెను. ఆ 2015లోనే చింతపల్లి యడవులలో 1,212 హెక్టార్ల మేర బాక్సైటు త్రవ్వుటకు ఆంధ్ర ప్రభుత్వము ఉత్తరువిచ్చెను. మన్యమంతయు నెదిరించుటచే అది నిలిచి, 2019లో రద్దయ్యెను. మన పొరుగున ఒరిస్సాలో, నియమగిరిపై గ్రామసభల యభిప్రాయము తీసికొనవలెనని 2013లో సుప్రీముకోర్టు ఆజ్ఞాపింపగా, పండ్రెండు గ్రామసభలకు పండ్రెండును బాక్సైటు గని వలదనినవి.

అయితే గెలిచితిమని నిద్రించుటకు వీలు లేదు. షెడ్యూలు ప్రాంతములలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యుండవలెనని 2000లో వెలువడిన ప్రభుత్వోత్తరువును, 2020 ఏప్రిలులో సుప్రీముకోర్టు ధర్మాసనము కొట్టివేసెను. ఆ తీర్పు తప్పో ఒప్పో యని మేమిచ్చట వాదింపము. ఒక్క తీర్పుతో వచ్చినది మరియొక్క తీర్పుతో పోవచ్చునని మాత్రము చెప్పుచున్నాము. కావున కాపలా యుండువాడు నిత్యమును ఉండవలెను. వానికి నిత్యమును జీతము కావలెను.

ఇక ధనము మాట. ఇట్టి సంఘమునకు నీరు తోడుకొనుటకు నాలుగు బావులు కలవు.

మొదటిది సర్కారు బావి. సర్కారు సొమ్ముతో బడి పెట్టవచ్చును, మందు లీయవచ్చును. గిరిజన సహకార సంస్థ 1956 నుండి అటవీ ఫలసాయమును కొనుచు చేయుచున్న మేలును మేము కాదనము. కాని లీజు నిచ్చినది సర్కారే యైనప్పుడు, ప్రతివాది యిచ్చిన బత్తెముతో వాది కోర్టు మెట్లెట్లెక్కును?

రెండవది కంపెనీల బావి. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి 2 పాళ్లు సంఘసేవకు వెచ్చింపవలెను. ఆ ధనముతో తాగునీటి ట్యాంకులు లేచుచున్నవి, సంతోషమే. కాని గని కంపెనీ తనపై వ్యాజ్యమునకు తానే ఫీజు కట్టునని యెవడును ఆశింపడు.

మూడవది విదేశపు బావి. చాల సంఘములు ఇన్నినాళ్లు దీని మీదనే బ్రదికినవి. దీనికి 1976లో మూత పెట్టిరి, 2010లో బిగించిరి, 2020లో తాళము వేసిరి. వచ్చిన విదేశ ధనము ఢిల్లీలోని స్టేటుబ్యాంకు ముఖ్య శాఖలోనే జమ కావలెను. ఒక సంఘము మరియొక సంఘమునకు దాని నందీయరాదు. పరిపాలనా వ్యయము పూర్వము నూటికి 50 పాళ్ల వరకుండగా నేడు 20 పాళ్లకు మించరాదు. ఇంటి యద్దె, బండి ఖర్చు, వకీలు ఫీజు, లెక్కలు వ్రాయు ఖర్చు ఇవి యన్నియు ఈ వ్యయములోనే చేరును. బియ్యము పంచు సంఘమునకు ఈ నియమము భారము కాకపోవచ్చును. హక్కులకై వాదించు సంఘమునకు వాదమే పని, ఆ వాదమునకగు ఖర్చులే పరిపాలనా వ్యయము! ఈ సవరణలను సుప్రీముకోర్టు 2022 ఏప్రిలులో సమర్థించి, విదేశ విరాళము పొందుట నిరపేక్షమైన హక్కు కాదని చెప్పెను.

పరదేశపు ధనముతో స్వదేశపు పని జరుగుట మాకును ఇష్టము కాదు. కాని ఈ మాట పలుకువాని నొక ప్రశ్న అడుగుదుము. అయ్యా, పరాయివాని డాలరు వలదంటివి. నీ రూపాయి యేది? పరాయి గుడ్డ కట్టరాదని చెప్పిన పెద్దలు మొదట తాము రాట్నము ముందు కూర్చుండిరి. తన చేతి సంచి ముడి విప్పక పరుల దానమును నిందించుట దేశభక్తి కాదు, లోభము.

నాలుగవ బావి మనదే. అది లోతైనది, కాని తోడువారు లేరు. లండనులో 1969లో స్థాపింపబడిన ‘సర్వైవల్ ఇంటర్నేషనల్’ యను సంస్థ ప్రపంచమందలి ఆదిమజాతుల హక్కులకై పనిచేయుచున్నది. ఏ దేశ ప్రభుత్వము ధనమును గాని తాము స్వీకరింపమని దాని నియమము; సామాన్యుల చందాలపై అది నిలిచియున్నది. ఆంగ్లేయులు చేయగలిగినది ఆంధ్రులు చేయలేరా? 1921లో బెజవాడ నగరమున కాంగ్రెసు మహాసమితి కూడి, తిలకు స్వరాజ్యనిధికి జూను నెలాఖరులోగా కోటి రూపాయలు కూర్పవలెనని తీర్మానించెను. మూడు నెలలలో కోటి కూడెను. నాటి కోటిలో అణాలు, పావలాలును కలవు.

నేడు ఒక్క పఠనాలయములో నూరుగురు సభ్యులు నెలకు 20 రూపాయల చొప్పున ఇచ్చినచో ఏటికి 24,000 రూపాయలగును. ఇది రెండు కప్పుల టీ ఖర్చు. ఇట్టి పఠనాలయములు నూరు చేరినచో 24 లక్షలు. ఈ మొత్తముతో విశాఖ మన్యములోను, ఆదిలాబాదు గోండుల నడుమను, భద్రాచలము కోయల నడుమను కాగితములు చదువగల పనివాండ్రను నిలుపవచ్చును. వాయిదాకు ఢిల్లీ పంపవచ్చును.

చందా యిచ్చువాడు లెక్క యడుగును. అడుగవలెను. ఈ విషయమున సంఘములవారికి మా మనవి గట్టిగనే యుండును. కొన్ని సంఘములు పట్నపు హోటళ్లలో సభలు జరిపి, కొండవారి కష్టములను గూర్చి ఇంగ్లీషు నివేదికలు అచ్చువేయుచున్నవి. ఏ పల్లె పేర ధనము వచ్చెనో ఆ పల్లెలో ఒక్కడైనను ఆ పుస్తకమును చదువజాలడు. ఇది తగదు. ఆదాయము ఎవరివలన ఎంత, వకీళ్లకెంత, జీతములకెంత, ప్రయాణములకెంత, మిగిలినదెంత అను నీ ఐదు పంక్తులు తెలుగున వ్రాసి సంవత్సరమున కొకసారి ప్రకటింపవలెను. 1996 నాటి పంచాయతీల చట్టము గ్రామసభకు గౌరవమిచ్చినది. సర్కారు గ్రామసభ నడుగవలెనని వాదించు సంఘము తన లెక్కను మొదట ఆ గ్రామసభలోనే, అచ్చటివారి భాషలో, చదివి వినిపింపవలెను. ఇతరులనుండి కోరిన న్యాయమును తన యింట పాటింపని సంఘమునకు చందా యడుగు మొగము లేదు.

పట్టణవాసులకు ఇందులో స్వార్థమును లేకపోలేదు. సాతంరాయి షెడ్యూలు ప్రాంతము కాదు. ఇచ్చటి నేలకు ఒకటి బై డెబ్బది రక్షణ లేదు. అయినను ప్రజల భూమిని గూర్చి ప్రజల నడుగకుండ ఉత్తరువు లీయరాదను ధర్మము మన్యమున నిలిచినచో మైదానమునను బలపడును. అచ్చట కూలినచో ఇచ్చటను నిలువదు. వాగు పైని గండిపడినప్పుడు క్రింది చేనివాడు తనకేమి యని కూర్చుండునా?

కావున సాతంరాయి, శంషాబాదు పఠనాలయముల పెద్దలకు మా ప్రార్థన యిది. పత్రికల బల్లపై ఒక చిన్న పెట్టె నుంచుడు. దానిపై ‘మన్యపు వ్యాజ్యనిధి’ అని వ్రాయుడు. నెల తిరుగగనే సభ్యులయెదుట విప్పి లెక్కించి, గోడపై మొత్తము వ్రాయుడు. తన లెక్క తెలుగున చూపిన సంఘమునకే ఆ ధనము పంపుడు. చూపని సంఘమునకు ఒక ఉత్తరము వ్రాసి యడుగుడు. ఇచ్చుటయు, అడుగుటయు రెండును మన ధర్మములే. రెంటిలో ఒక్కటి మాత్రమే చేయువారు ఇన్నాళ్లు చాలమంది యుండిరి. రెండును చేయువారు ఇకనైన ముందునకు వత్తురుగాక.