విసర్జన అంటే పారబోయడం కాదు

ఈ టపా శీర్షిక చూడగానే కొందరు మిత్రులకు ముక్కు మూసుకోవాలనిపించవచ్చు. ఆ మూసుకోవడం మీదే నా ఫిర్యాదు.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైన తరువాత ‘బహిరంగ మలవిసర్జన రహిత గ్రామం’ అన్న రాతలు ఊరూరా వెలిశాయి. ఆశయం మంచిదే, మాటతోనే నా పేచీ. ‘వి’ ఉపసర్గ, ‘సృజ్’ ధాతువు: వేరుగా విడిచిపెట్టడం విసర్జనం. సృష్టి, విసర్గ ఆ ధాతువు బిడ్డలే. అమరకోశం దానానికి పర్యాయపదాలు చెబుతూ విసర్జనాన్నీ చేర్చింది. అంతటి మాటకు మనం చెంబు చేతికిచ్చి పొలం గట్టుకు పంపాం.

వ్యాకరణం దీన్ని తప్పు పట్టదు, శాస్త్రం పడుతుంది. జీవకణాలలో జరిగే చర్యల వల్ల పుట్టిన యూరియా వంటి వ్యర్థాలను వేరుచేసి వెలుపలికి పంపడమే జీవశాస్త్రంలో విసర్జన. జీర్ణం కాని తిండి ఆ కణాలదాకా చేరనే లేదు. పేగులోనే ఉండి పేగు నుంచే పోయింది. దాని పోకను శాస్త్రం విసర్జనగా లెక్కించదు. ఈ తేడాను బడిలో చెప్పి, బడిగోడ మీద చెరిపేస్తున్నాం.

‘ఇది పండితుల చాదస్తం’ అనేవారికి నా జవాబు ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలోని ఆ కొబ్బరితోటల సీమలో, కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాలలో, ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు మనుషులను తీసుకుపోతోంది. కారణం ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ సంగతి చెప్పి, మా శృంగవరపుకోటలో ఒక పెద్దాయనను రక్తపరీక్ష చేయించుకోమంటే, “ఒంటికి బాగానే ఔతంది కదా మేస్టారూ, కిడ్నీలకేటి?” అన్నాడు.

తప్పు ఆయనది కాదు. విసర్జన అంటే బయటికి పోవడమేనని నేర్పింది మనం. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, పనికివచ్చేది తిరిగి రక్తానికే ఇచ్చి, ఒకటి రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా వదులుతాయి. ఆ వేరుచేసే శక్తి సన్నగిల్లినా మూత్రం వస్తూనే ఉండవచ్చు; యూరియా, క్రియాటినిన్ మాత్రం రక్తంలో పేరుకుపోతాయి. ‘వి’లో ఉన్న ‘వేరు’ను మరచినందుకు చెల్లించే మూల్యం ఇది.

‘ఈ ఊళ్ళో ఎవరూ ఆరుబయట దొడ్డికి వెళ్ళరు’ అని రాస్తే అర్థం కానివారెవరు? సిగ్గు కప్పుకోవడానికి శాస్త్రపు మాటను అరువు తెచ్చుకుంటే, నాలుగు రోజులకు దానికీ వాసన అంటుతుంది. ఆనక లెట్రిన్, బాత్రూమ్, వాష్‌రూమ్ అంటూ మరొకటి వెతుక్కుంటాం. గోడ మీద తెలుగు రాయండి. విసర్జనను మూత్రపిండాలకు వదిలిపెట్టండి.