మన ఊరి పదివేలు గోడ మీద రాయాలి



ఆరోగ్యమే మహాభాగ్యం అని పెద్దలు అన్నారు. ఈ మాట మన పుస్తకాల్లో ఉంది, ఆసుపత్రి గోడల మీద కూడా ఉంది. కానీ ఆ ఆరోగ్యం కోసం ప్రభుత్వం మన ఊరికి ఎంత డబ్బు ఇస్తుందో, అది ఏమయిందో మాత్రం నేను చూసిన ఏ గోడ మీదా రాసి లేదు. అది రాయాలి అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

మన స్కూలుకి నులిపురుగుల మాత్రలు వేయడానికి నర్సమ్మ గారు వచ్చినప్పుడు మీరందరూ వరసలో నిలబడ్డారు కదా. ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక నేను ఆవిడని ఒక ప్రశ్న అడిగాను. "అమ్మా, ఊరి ఆరోగ్యానికి ప్రభుత్వం విడిగా డబ్బు ఇస్తుందా?" అన్నాను. ఆవిడ నవ్వి, "ఇస్తుంది. మీ ఊళ్ళో ఎవరూ నన్ను ఈ మాట అడగలేదు" అన్నారు. ఆవిడ చెప్పినవి, తర్వాత సోషల్ మేడమ్ గారు చెప్పినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయింది. మన ఊళ్ళలో ఆశ అక్కలు వచ్చింది దానివల్లనే. 2013లో పట్టణాలను కూడా కలిపి జాతీయ ఆరోగ్య మిషన్ అన్నారు. ఈ మిషన్ డబ్బులో మన రాష్ట్రానికి నూటికి 60 రూపాయలు కేంద్రం, 40 రూపాయలు రాష్ట్రం పెట్టాలి. ఇదంతా పెద్ద లెక్క. మనకి కావలసింది చిన్న లెక్క. రెవెన్యూ గ్రామానికి ఒకటి చొప్పున గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఖాతాకి సంవత్సరానికి 10,000 రూపాయల వరకు ఇవ్వాలని పథకంలో ఉంది. దీన్ని అన్‌టైడ్ ఫండ్ అంటారు. అంటే కట్టివేయని డబ్బు అని అర్థం. దీనికే ఖర్చు పెట్టండి అని పైనుంచి చెప్పరు. ఊరు కూర్చుని, మాట్లాడుకుని, ఏది ముందు అవసరమో తేల్చుకోవాలి.

ఆ డబ్బుతో ఊరు శుభ్రం చేసుకోవచ్చు, తాగేనీటి చోటు బాగుచేసుకోవచ్చు. బాగా బీదవాళ్ళకి జబ్బు చేస్తే సాయం చేయవచ్చు. ఇంకొక మంచి పని కూడా ఉంది. కొంత డబ్బు అప్పు నిధిగా పెట్టుకోవచ్చు. ఆపద వచ్చిన ఇల్లు తీసుకుని, తర్వాత కొద్దికొద్దిగా తిరిగి కట్టాలి. వడ్డీ షావుకారు దగ్గరికి పోనక్కరలేదు.

ఈ అప్పు నిధి ఎందుకు అంత ముఖ్యమో చెప్తాను. మా పిన్నికి కాన్పు నొప్పులు వచ్చింది వానాకాలంలో. మా ఊరికి రోడ్డు లేదు, ఫోను సిగ్నలూ లేదు. మా నాన్న, మామయ్యలు డోలీ కట్టి గెడ్డ దాటించి రోడ్డు దాకా మోసుకొచ్చారు. గర్భిణీలను ఆసుపత్రికి ఉచితంగా తీసుకెళ్ళాలని 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. కానీ 108కి కబురు చేయడానికి సిగ్నల్ దొరకాలి కదా. ఆగే టైము లేక ప్రైవేటు జీపు ఎక్కించారు. అతను 1,500 అడిగాడు. చేతిలో లేక సంతలో పసుపు కొనే షావుకారు దగ్గర అప్పు తెచ్చారు. పిన్ని బతికింది, పాప కూడా బతికింది. అప్పు మాత్రం పసుపు పంట వచ్చేదాకా ఉంది. ఆ పసుపుని షావుకారు చెప్పిన రేటుకే ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ వేళకి మా ఊరి ఖాతాలో డబ్బు ఉందో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అలాంటి ఖాతా ఒకటి ఉంటుందనే తెలీదు.

అక్కలారా, నేను ఎవరో తినేశారు అని అనడం లేదు. చూడని దాన్ని చూశానని రాయకూడదు. నేను చెప్పేది వేరు. లెక్క కనబడకపోతే మంచివాళ్ళ మీద కూడా అనుమానం వస్తుంది. మా ఆశ అక్క జ్వరం వచ్చిన ఇంటికి రాత్రిపూట కూడా టార్చి పట్టుకుని వస్తుంది. ఆమె నిజంగా బ్లీచింగ్ కొన్నా, ఊళ్ళో వాళ్ళు "కొన్నాదో లేదో" అంటారు. గోడ మీద లెక్క ఉంటే ఆ అక్క కూడా తలెత్తుకు తిరుగుతుంది. కాబట్టి ఇది ఎవరికీ వ్యతిరేకం కాదు.

ఈ విషయం మా క్లాసులో చెప్తే కొందరు ఎదురు చెప్పారు. వాళ్ళ మాటలు కూడా రాస్తాను.

ఒకమ్మాయి, "పదివేలు ఏ మూలకి? రోడ్డు వస్తుందా, డాక్టరు వస్తాడా?" అంది. నిజమే. పదివేలని పన్నెండు నెలలకి పంచితే నెలకి 833 రూపాయలు. రెండు వందల మంది ఉన్న ఊళ్ళో మనిషికి 50 రూపాయలు. రోడ్డు వేయడం, డాక్టరుని పెట్టడం ప్రభుత్వం పనే, అది అడగడం మానకూడదు. కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలని, మైదానంలో అయితే 5,000 మందికి ఒకటని లెక్క ఉంది. కానీ మన దగ్గర ఆ 3,000 మంది ఎన్నో గూడేల్లో, ఎన్నో కొండల మీద ఉంటారు. నర్సమ్మ ఒక్కతే ఎన్ని కొండలు ఎక్కగలదు? అందుకే పెద్ద డబ్బు కావాలి. పదిహేనవ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు అయిదేళ్ళకి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి దేశం మొత్తానికి 70,051 కోట్లు ఇవ్వాలని చెప్పింది. మేడమ్ గారు ఆ అంకె బోర్డు మీద రాస్తే నాకు సున్నాలు లెక్కపెట్టడానికే టైము పట్టింది. అయితే నేను అడిగేది ఒకటే. పదివేల లెక్క అడగడం రాని ఊరు, కోట్ల లెక్క ఎలా అడుగుతుంది? చిన్న లెక్కతోనే నేర్చుకోవాలి.

ఇంకొకమ్మాయి, "మన వాళ్ళకి చదువే రాదు. గోడ మీద రాస్తే ఎవరు చదువుతారు?" అంది. మా అమ్మ వేలిముద్ర వేస్తుంది. మా ఇంట్లో బడికి వచ్చినది నేనే మొదట. కానీ మా అమ్మకి చోళ్ళు ఎన్ని కుంచాలు అమ్మిందో, షావుకారు ఎంత తక్కువ ఇచ్చాడో నోటి మీదే ఉంటుంది. చదువు రానివాళ్ళకి లెక్క రాదనుకోవడం తప్పు. చదివి వినిపించేవాళ్ళు కావాలి, అంతే. అది కూడా తెలుగులో చదివి ఊరుకోకూడదు. మా ఇంట్లో కువి మాట్లాడతాం. మీ ఇళ్ళల్లో మీ భాష ఉంది. ఆ భాషలో చెప్తే ముసలమ్మ కూడా ప్రశ్న అడుగుతుంది.

మూడవది, "మనం చిన్నపిల్లలం, అడిగితే కోప్పడతారు" అన్నారు. దీనికి చట్టమే జవాబు చెప్తుంది. 1996 డిసెంబరు 24న పీసా చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. ఆ చట్టం ప్రకారం ఐదవ షెడ్యూలు ప్రాంతంలో మన గూడెం కూడా గ్రామసభ కాగలదు. పంచాయతీ పనులకి ఖర్చుపెట్టిన డబ్బుకి గ్రామసభ దగ్గర వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి. ఆరోగ్య కమిటీ కూడా తన ఖర్చులు గ్రామసభలో చెప్పాలని దాని మార్గదర్శకాల్లో ఉంది. అంటే లెక్క అడగడం తగువు కాదు, అది మన పని. చిన్నపిల్లలు చేయి ఎత్తి ఓటు వేయలేకపోవచ్చు గాని, పెద్దలకి చదివి పెట్టవచ్చు.

ఇప్పుడు నా సలహాలు. అంగన్‌వాడీ గోడ మీదో, బడి గోడ మీదో రెండు మూరల మేర సున్నం కొట్టాలి. దానికి పెద్ద ఖర్చు కాదు. మీద మూడు గడులు గీయాలి: వచ్చినది, ఖర్చు, మిగిలినది. ఉదాహరణకు ఒక ఊరు ఇలా అనుకుందాం. ఆపద అప్పు నిధికి 4,000, ఊట నీటి తొట్టె బాగుకి, బ్లీచింగుకి 2,500, పిల్లల బరువు చూసే తూకం రిపేరుకి 1,500, ఊరు శుభ్రానికి 2,000. మొత్తం 10,000. పక్కన డోలీ బొమ్మ, నీటిబొట్టు బొమ్మ, తూకం బొమ్మ, చీపురు బొమ్మ వేస్తే చదువు రానివాళ్ళకి కూడా తెలుస్తుంది. డబ్బు రాని ఏడాది "రాలేదు" అని రాయాలి. ఆ మాట కూడా అందరికీ తెలియాలి. ఏడాదిలో ఖర్చుపెట్టక మిగిలితే, వచ్చే ఏడాది ఆ మేరకు తగ్గించి ఇస్తారట. కనుక ఊరికే దాచుకున్నా మనకే నష్టం.

ఇంకొక మాట. రెవెన్యూ గ్రామం ఒకటే అయినా దానికింద మూడు నాలుగు గూడేలు ఉంటాయి. అందరికీ పైన, కొండ మీద ఉన్న గూడేనికి చివరగా తెలుస్తుంది. అక్కడే డోలీ ఎక్కువ దూరం మోయాలి. కాబట్టి కమిటీలో పై గూడెం ఆడవాళ్ళు కూడా ఉండాలి. లెక్క వాళ్ళ గోడ మీద కూడా రాయాలి.

చెల్లెళ్ళారా, వచ్చే సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీరు మీ ఆశ అక్కని మర్యాదగా ఒక మాట అడగండి: "అక్కా, మన ఊరి కమిటీలో ఎవరెవరు ఉన్నారు, ఈ ఏడాది డబ్బు వచ్చిందా?" అని. జవాబు కాగితం మీద రాసుకుని రండి. మన స్కూల్లో ఎన్నో ఊళ్ళ పిల్లలం ఉన్నాం. అన్నీ కలిపి తర్వాతి గోడపత్రికలో ఊరువారీగా పట్టిక వేద్దాం. ఏ ఊరికి వచ్చింది, ఏ ఊరికి రాలేదు, ఏ ఊరికి అసలు కమిటీయే లేదు అన్నది అప్పుడు మనకే తెలుస్తుంది. ఆ పట్టికని వార్డెన్ మేడమ్ గారు పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడు చూపించాలని కోరుతున్నాను.

మన చదువు మన ఊరికి పనికి రావాలి. లెక్క తెలిసిన ఊరే ఆరోగ్యంగా ఉంటుంది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని