చచ్చిన కోడికీ లెక్క కట్టాల్సిందే!

శంషాబాద్, కొత్తూరు, మహేశ్వరం, మొయినాబాద్ కోళ్ల రైతులారా!

బర్డ్ ఫ్లూ 2015 ఏప్రిల్‌లో తొర్రూరుకొచ్చింది. 2025 ఏప్రిల్‌లో బాటసింగారానికి. రెండూ మన రంగారెడ్డి జిల్లావే. రేపు ఎవరి షెడ్డు వంతో! చికెన్ తినొచ్చా లేదా అన్నది టీవీలవాళ్లు తేల్చుకుంటారు. బాగా ఉడికితే బర్డ్ ఫ్లూ వైరస్ బతకదు, అంతే. మన గొడవ పరిహారం గురించి.

రోగం పాకకుండా సర్కారు మనుషులు వచ్చి చంపిన కోడికి డబ్బిస్తారు. వాళ్లు రాకముందే రోగంతో చచ్చిన కోడికి పైసా రాదు. పొద్దున షెడ్డులో కోళ్లు రాలుతుంటే రైతు పశువుల డాక్టరుకు చెప్తాడు. శాంపిల్ పరీక్షకు భోపాల్‌లోని కేంద్ర ల్యాబ్‌కు పోతుంది. హెచ్5ఎన్1 అనే ఈ వైరస్ సోకిన షెడ్డు రెండు మూడు రోజుల్లోనే ఖాళీ కావచ్చు. ఫలితం వచ్చి, రక్షణ సూట్లు తొడుక్కుని కోళ్లను చంపే బృందం దిగేసరికి మిగిలినవే లెక్క. అదే, నోరు మూసుకుని రాత్రికి రాత్రి సగం ధరకు బండికెక్కించినవాడి చేతికి డబ్బొచ్చింది. బండితోపాటు రోగం ఇంకో ఊరికి పోయింది. ఇది రోగాన్ని ఆపే నిబంధనా, పెంచే నిబంధనా?

చచ్చినవాటికీ ఇస్తే రైతులు అజాగ్రత్తగా ఉంటారట! అప్పు చేసి షెడ్డు వేసినవాడు కోళ్లు చావాలని మొక్కుతాడా?

ఇక పరీక్ష ఆలస్యం సంగతి. రాజేంద్రనగర్‌లో కేంద్రం వారి కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయమూ ఉంది. అయినా ఆఖరి మాట భోపాల్‌దే. అంత భద్రత ఉన్న ల్యాబ్ కావాలంటారు. కట్టండి! మన భూముల్లో విమానాశ్రయానికి 2005లో పునాదిరాయి వేసి 2008కల్లా విమానాలు దించారు. దేశంలో ఈ రోగం మొదట నవాపూర్‌లో బయటపడింది 2006లో. ల్యాబ్‌కు మాత్రం ఇన్నేళ్లు చాలలేదు.

రైతు కబురు చెప్పిన రోజు షెడ్డులో ఎన్ని కోళ్లున్నాయో, చచ్చినవీ బతికినవీ కలిపి అన్నింటికీ కేంద్రం, రాష్ట్రం చెరి సగం కట్టాలి. ఆ తర్వాత నెలల తరబడి ఖాళీగా పడుండే షెడ్డు మీద బ్యాంకు వడ్డీ ఆపాలి.

అప్పటిదాకా ఒక పని చేయండి. కోళ్లు ఒక్కసారిగా చస్తే బండికెక్కించకండి. ఎన్ని చచ్చాయో, ఏ టైముకో కాగితం మీద రాసి పశువైద్యాధికారికి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఫొటోలు తీసిపెట్టండి. ఆ కాగితాలతోనే కొంగర కలాన్ కలెక్టరేట్‌కు అందరం కలిసి పోదాం.