థోరియం ఉందా లేదా అని మనమే అడగాలి

పోస్టు కాస్త పెద్దది, ఓపికతో చదవండి.

"అరుదైన ఖనిజాలు" అని వార్త వస్తే చాలు, మన గ్రూపు రెండు రకాల మెసేజీలతో నిండిపోతాది. ఒకటి, మన కొండల కింద లక్షల కోట్లున్నాయి, మనమే బీదోళ్లం అని. రెండోది, ఎవడొచ్చినా తరిమేద్దాం అని. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు అనంతపురం సయనైట్ రాళ్లలో అలనైట్, మోనజైట్ లాంటివి దొరికాయని చెప్పినప్పుడూ ఇదే వరస. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మేం కొందరం అంటున్నదేటంటే, ఆ రెండు మెసేజీల్లోనూ రాయి గురించి ఒక్క ముక్క లేదు. రాయి తెలీకుండా ఆశపడినా, అరిచినా ఒకటే.

గ్రానైట్, సయనైట్ లాంటి అగ్నిశిలల్లో ఎక్కువ ఉండేది ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ లాంటివి. వాటి మధ్య నూటికి ఒక వంతు కూడా ఉండని సన్న గింజలుంటాయి. మోనజైట్, అలనైట్, అపటైట్ ఆ జాతివి. సీరియం, లాంథనం, నియోడిమియం దాగేది ఎక్కువగా వీటిలోనే. (అరుదు అన్న పేరే తప్పు. భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి అంత ఉంటుంది. ఒకచోట కుప్పగా దొరకదు, అంతే.) మన దేశపు మోనజైట్‌లో సగానికి పైగా ఈ మూలకాల ఆక్సైడ్లే. దాంతోపాటు నూటికి ఎనిమిది, తొమ్మిది వంతులు థోరియం ఆక్సైడ్.

రాయి గట్టిపడ్డాక కూడా పని ఆగదు. శిలాద్రవం చల్లారుతూ వదిలిన వేడినీళ్లు పగుళ్ల వెంట పాకుతాయి. వందల డిగ్రీల వేడి, అందులో ఫ్లోరిన్, కార్బన్ డయాక్సైడ్, కాల్షియం. ఆ నీరు తగిలితే గింజ మారిపోతాది. మోనజైట్ అంచున అపటైట్ పొర, దాని బయట అలనైట్ పొర కట్టొచ్చు. అలనైట్ అయితే విరిగి బాస్ట్‌నసైట్, బంకమన్ను అవుతుంది. థోరియం విడిపోయి థోరైట్ అనే చిన్న చుక్కగా పక్కనే ఉండిపోతుంది. ఒక ఇంట్లో పుట్టినవాటిని వేడినీరు వేరు కాపురం పెట్టిస్తాదన్నమాట.

ఇది పరీక్షకి చదివే పాఠం కదా, మనకెందుకు అనకండి. చట్టం గీత ఈ గింజ మధ్యలోంచే పోతోంది. 2023 సవరణ తర్వాత గనుల చట్టం మొదటి షెడ్యూల్ తెరిచి చూడండి. యురేనియం, థోరియం ఉన్న అరుదైన మూలకాల ఖనిజాలు ఒక భాగంలో ఉన్నాయి, అవి అణు ఖనిజాలు. అవి లేనివి ఇంకో భాగంలో ఉన్నాయి, వాటిని కేంద్రం వేలం వేస్తుంది, ప్రైవేటు కంపెనీ పాడుకోవచ్చు. 2025 సెప్టెంబరులో ఈ రెండు రకాలకీ ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని పర్యావరణ శాఖ తేల్చేసింది. పెసాలో గ్రామసభ సిఫారసు తప్పనిసరి అన్నది చిన్నతరహా ఖనిజాలకే, ఇవి ఆ లెక్కలో రావు. 1997 సమత తీర్పు ఉంది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి లీజు ఇవ్వకూడదంటుంది. మరి షెడ్యూల్‌లో చేరని మన సవర ఊళ్ల మాటేటి?

ఇంకో మాట. మోనజైట్ మొండిది, ఎండావానలకి తొందరగా లొంగదు. కొండ అరిగితే నాగావళి, వంశధార లాంటి నదుల వెంట సముద్రానికి పోతుంది. శ్రీకాకుళం తీరం నుంచి భీమిలి దాకా నల్ల ఇసుకలో ఉన్నది అదే. బాస్ట్‌నసైట్ అలా కాదు, వాన నీటికి నెమ్మదిగా విడిపోతుంది, అందులోని మూలకాలు కొండమట్టికే అంటుకుంటాయి. దక్షిణ చైనాలోని జియాంగ్సీలో అలాంటి మట్టి ఉంది. అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం కొండలోకి ఎక్కించి కడిగారు. వాగులు, పొలాలు పాడయ్యాయి. ఇప్పుడు మయన్మార్ కాచిన్ కొండల్లో అదే పని నడుస్తోంది. అక్కడా నష్టపోతున్నది కొండ జనమే. మూలకాలు అవే. ఎప్పుడో పాకిన వేడినీరు చేసిన మార్పుని బట్టి, దెబ్బ సముద్రపొడ్డు ఊళ్లకి తగులుతుందా, మన గెడ్డ నీళ్లకి తగులుతుందా అన్నది మారిపోతుంది. "ఖనిజం ఉంది" అన్న ఒక్క మాటతో సర్వే వాళ్లు సరిపెడితే మనం ఎందుకు ఊరుకోవాలి?

జియాలజీ తీసుకుంటామంటే పెద్దోళ్లు, సీనియర్ అన్నలు కూడా "డీఎస్సీయో కానిస్టేబులో చూసుకోక రాళ్లు పట్టుకుని ఏం చేస్తావు?" అంటారు. అన్నా, మీ మీద గౌరవం ఉంది, ఇంట్లో అప్పులు మాకూ తెలుసు. కానీ మన తూర్పు కనుమల రాయికి 1902లో వాకర్ అనే ఆయన ఖోండలైట్ అని పేరు పెట్టాడు, ఖోండుల పేరు మీద. రాయికి మన పేరుంది. ఆ రాయి మీద రిపోర్టు వస్తే చదివి చెప్పేవాడు మన ఊళ్లో ఉండక్కర్లేదా? సర్వే వాళ్ల వెనక శాంపిల్ సంచులు మోసే కూలి మాత్రం మన కుర్రాళ్లకి ఎప్పుడూ దొరుకుతాది.

రేపు మీ ఊరికి ఎవరైనా సుత్తి, జీపీఎస్ పట్టుకుని వస్తే గొడవ పెట్టుకోకండి, టీ ఇచ్చి కూర్చోబెట్టండి. ఏ ఖనిజం కోసం వచ్చారు, గింజ మోనజైటా, బాస్ట్‌నసైటా, థోరియం ఎంత, పలుచగా కోసి మైక్రోస్కోపులో చూశారా, రిపోర్టు ఎప్పుడు వస్తుంది అని అడగండి. జవాబులు గ్రామసభ మినిట్స్‌లో రాయించి, ఫొటో తీసి ఈ గ్రూపులో పెట్టండి. అర్థం కాని ముక్కలుంటే మేం కూర్చుని విడమర్చి రాస్తాం. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదువుతున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఈ గ్రూపులో ఉంటే కింద కామెంట్‌లో పేరు పెట్టండి.