ఏ జట్టుకీ అక్కర్లేని కుర్రాడు

బేస్‌బాల్ జట్టులోకి తీసుకోలేదు. బాస్కెట్‌బాల్‌లోనూ చోటు దక్కలేదు. ఇక మిగిలింది పరుగే! అమెరికాలోని విచిటా ఈస్ట్ హైస్కూల్లో చదివే జిమ్ రయన్ అలా పరుగు పందేల్లోకి వచ్చాడు. కోచ్ బాబ్ టిమ్మన్స్ కఠోర సాధన చేయించాడు. 1964లో మైలు దూరాన్ని 3 నిమిషాల 59 సెకన్లలో పరుగెత్తాడు జిమ్. నాలుగు నిమిషాల్లోపు ఆ దూరం పూర్తిచేసిన తొలి హైస్కూలు విద్యార్థి అతడే.

1965లో హైస్కూలు చదువు ముగిసింది. ఆ జూన్‌లో శాన్ డియాగోలో ఒలింపిక్ విజేత పీటర్ స్నెల్‌నే ఓడించాడు. 3 నిమిషాల 55.3 సెకన్ల ఆ హైస్కూలు రికార్డు 2001 వరకూ చెక్కుచెదరలేదు. అప్పటికి అతడు స్కూలు జట్టులో చేరి మూడేళ్లు కూడా కాలేదు!

జట్టు జాబితాలో మీవాడి పేరు లేదా? దిగులెందుకు... ఇంకో ఆట ఆడి చూడనివ్వండి.