ఋణము తమదన్న విద్యార్థులు

2019 ఏప్రిల్ మాసమున, అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరమందలి జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ నెత్తిన తామే యొక సుంకము వేసికొనుటకు సమ్మతించుచు ఓటు వేసిరి. ప్రతి సెమిస్టరునకు ఒక్కొక్కరు 27 డాలర్ల 20 సెంట్లు విధిగా చెల్లింపవలెననియు, ఆ ధనమును 1838లో జెసూట్ మతగురువులు అమ్మివేసిన 272 మంది బానిసల వారసుల మేలునకు వినియోగింపవలెననియు ఆ ప్రతిపాదన సారాంశము. రుసుములోని అంకెలు సైతము ఆ 272 నుండి పుట్టినవే. పోలైన 3,845 ఓట్లలో 2,541 అనుకూలముగా వచ్చినవి. ఫీజులు తగ్గింపుడని విద్యార్థులు కోరుట లోకమంతట ఉన్నదే. పెంపుడని కోరుట, అదియు తాము పుట్టుటకు నూటయేబది యేండ్లకు పైగా ముందు జరిగిన యొక విక్రయమును కారణముగా జూపి కోరుట, మిక్కిలి యరుదు.

ఆ విక్రయమును గూర్చి కొంత విపులముగా చెప్పక తప్పదు. 1789లో స్థాపితమైన ఈ విద్యాలయమునకు మేరీలాండ్‌లోని జెసూట్ల తోటలు ఒక యాధారము. ఆ తోటలలో చెమటోడ్చినవారు బానిసలు. తోటల రాబడి క్షీణించి, విద్యాలయపు అప్పులు పెరిగిన కాలమున, అంతకు పూర్వము విద్యాలయాధ్యక్షుడుగా ఉండి, అప్పటికి మేరీలాండ్ జెసూట్లకు అధిపతియైన థామస్ మలెడీ, లూసియానా మాజీ గవర్నరు హెన్రీ జాన్సన్‌కును, జెస్సీ బేటీ అను మరియొక భూస్వామికిని వారిని 1,15,000 డాలర్లకు అమ్మెను. రోమునందలి జెసూట్ పెద్దలనుండి వచ్చిన అనుమతి షరతులు లేనిది కాదు: కుటుంబములను విడదీయరాదు, వారి మతాచరణకు భంగము కలుగరాదు, వచ్చిన సొమ్మును అప్పులు తీర్చుటకు వాడరాదు. మూటిలో ఒక్కటియు నిలువలేదు. తొలుత చేతికందిన 25,000 డాలర్లలో 17,000 విద్యాలయ భవనముల అప్పునకే పోయినవి. ఒప్పంద పత్రములో మొదటి పేరు అరువది యైదేండ్ల ఐజాక్‌ది. అమ్ముడుపోయినవారిలో రెండు నెలల పసికందును కలదు.

విద్యార్థులు తవ్వి తీసిన రహస్యము కాదిది. కాగితములన్నియు విద్యాలయ భాండాగారముననే భద్రముగా ఉండెను. 1990 దశాబ్దమున కొన్నింటిని ఇంటర్నెట్టున సైతము ఉంచిరి. పండితులు వ్రాసిరి, చరిత్ర తరగతులలో బోధించిరి. అయినను మలెడీ పేరు గల భవనము మలెడీ పేరుతోనే నిలిచియుండెను. అమ్ముడుపోయినవారి గతి యేమైనదన్న ప్రశ్నకు, వారందరును లూసియానాకు చేరిన కొలదికాలమునకే జ్వరములకు బలియైరి, సంతతి మిగులలేదు అను సమాధానము చలామణిలో ఉండెడిది. ఇట్టి సమాధానములకు గల సౌకర్యమేమనగా, అవి ప్రశ్నను సానుభూతితోనే సమాధి చేయగలవు. ఆ మాట నమ్మజాలని పూర్వ విద్యార్థి యొకడు వంశవృక్ష పరిశోధకులను నియోగించి వెదికింపగా, వారసులు వేల సంఖ్యలో బయల్పడిరి. దీనికి తోడ్పడినది విక్రేతల శ్రద్ధయే యనుట యొక కఠోర వైపరీత్యము: సరకు లెక్క తప్పరాదని పేరు, వయస్సు, కుటుంబము జాగ్రత్తగా వ్రాసికొన్నందుననే మనుష్యుల జాడ తెలిసినది.

మరి విద్యార్థులు చేసినదేమి? తెలిసిన విషయమును తెలిసినదిగానే విడిచిపెట్ట నిరాకరించుట. 2014 మొదలు విద్యార్థి పత్రిక ‘ది హోయా’ ఈ చరిత్రను శీర్షికలలో విప్పి చెప్పుచు వచ్చెను. 2015లో మలెడీ భవనమును మరమ్మతు చేసి విద్యార్థుల వసతిగృహముగా తెరచినప్పుడు, పరిశోధనాంశము కాస్తా పడకగది చిరునామాయైనది. ఆ సెప్టెంబరున అధ్యక్షుడు జాన్ డిజోయా ఒక అధ్యయన సంఘమును నియమించెను, నవంబరున విద్యార్థులు ఆయన కార్యాలయము ముందు బైఠాయించిరి, మలెడీ పేరు తొలగినది. 2017లో ఆ భవనమునకు ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టిరి. ఇంతవరకు నడచినది పేర్ల మార్పు. ఇది సంస్థలకు చౌకగా దొరకెడి పశ్చాత్తాపము.

2019 నాటి ఓటు ఇంతకంటె ముందునకు పోయినది గనుకనే దానికి ప్రతిఘటన సైతము గట్టిగా వచ్చెను. అమ్మినది జెసూట్లు, లాభపడినది సంస్థ, చెల్లించుట మాత్రము నేటి పిల్లలా? తిలాపాపం తలా పిడికెడు పంచుట న్యాయమా? అని యొక వర్గమడిగెను. అందు బలము లేకపోలేదు. సంస్థ తన మూలధనమునుండి చెల్లింపవలసిన దానిని బాలబాలికల జేబులనుండి రాబట్టుటచే సంస్థ బాధ్యత సన్నగిల్లునన్న భయము నిరాధారము కాదు. అప్పుతో చదువుకొను పేదవాని సంగతియేమని అడిగిరి. వలసవచ్చినవారి బిడ్డ సంగతియేమని అడిగిరి. మన తెలుగునాటినుండి పోయి అచట స్థిరపడినవారి పిల్లలకును ఈ ప్రశ్న తగులును, 1838లో వారి ముత్తాతలు ఏ గోదావరి యొడ్డుననో దున్నుకొనుచుండిరి గదా!

ఈ చివరి ప్రశ్నకు నా సమాధానము సూటియైనది. పిత్రార్జితము ననుభవించువాడు పితృఋణమును తీర్చవలెనన్న నియమము మన ధర్మశాస్త్రములకు క్రొత్త గాదు. ఆస్తిని ఒప్పుకొని అప్పును మాత్రము నాది కాదనుట చెల్లదు. జార్జ్‌టౌన్ పట్టభద్రుడను అని చెప్పుకొనువాడు రెండువందల యేండ్ల ప్రతిష్ఠను వారసత్వముగా పుచ్చుకొనుచున్నాడు. దానితో కలిసివచ్చినదే ఈ ఋణము. ఇక సంస్థయే చెల్లింపవలెనన్న వాదము సంస్థ విషయమున సత్యమే, కాని విద్యార్థుల చేతిలో ఉన్నది తమ జేబు మాత్రమే. దానిని ముందుగా తెరచినవారికే ఇతరుల ఖజానా మాట యెత్తు నైతికాధికారము సిద్ధించును. అరువది మూడవ యేట విద్యార్థినిగా చేరిన యొక వారసురాలు ఈ ప్రతిపాదనను సమర్థించిన వారిలో ముందు నిలుచుట ఇక్కడ గమనింపదగినది.

ఓటునకు శాసనబలము లేదు. ఆ సంవత్సరము అక్టోబరున విశ్వవిద్యాలయము, విద్యార్థులు తలపెట్టిన మొత్తమునకు సమానముగా ఏటా 4 లక్షల డాలర్ల నిధిని విరాళములద్వారా సమకూర్తుమని ప్రకటించెను. మొత్తము అదే గదా, తేడా ఏమని పలువురు సంతృప్తిపడిరి. తేడా చాల ఉన్నది. రుసుము ఋణమును అంగీకరించును. విరాళము దాతృత్వమును ప్రకటించును, ఇష్టమున్ననాడు వచ్చును, లేనినాడు మానును. వారసులును విద్యార్థులును సమముగా కూర్చుండి నిర్ణయించు మండలిని ఓటు కోరియుండగా, విరాళ నిధి పగ్గములు తిరిగి పాలకుల వైపునకే మరలినవి.

పాలకులకు అన్నిటికంటె పెద్ద బలము కాలము. విద్యార్థి నాలుగేండ్లుండి వెడలిపోవును. 2019లో ఓటు వేసినవారిలో దాదాపు అందరును 2023 నాటికి పట్టాలు పుచ్చుకొని పోయియుందురు. ఓపికగా కమిటీలు వేయగల సంస్థకు ఆ నాలుగేండ్లు ఒక లెక్క గాదు. విద్యార్థి ఉద్యమములు పెక్కు ఓడునది వాదమున గాదు, ఈ వ్యవధియందే. జార్జ్‌టౌన్ విద్యార్థులు దీనిని గ్రహించిరో లేదో గాని, వారు కోరిన రుసుము దీనికి విరుగుడు: ప్రతి సెమిస్టరున ప్రతి రసీదులోను ఆ యొక్క పద్దు కనబడి, ఉద్యమము పేరైనను వినని క్రొత్త విద్యార్థిచేత ఇది దేనికని అడిగించియుండెడిది, అడిగినవానికి ఐజాక్ మొదలు పసికందు వరకు గల ఆ జాబితాను చూపవలసివచ్చెడిది. పాలకులు 4 లక్షల డాలర్లను సమకూర్చుటకు ఒప్పుకొని, ఆ యొక్క పద్దునకు మాత్రము ఒప్పుకొనలేదు.