పాత రూటర్‌కి ఏ ఫర్మ్‌వేర్? ముందు స్టిక్కర్ చదవండి

పాత వైఫై రూటర్ ఒకటి కనిపిస్తే చాలు, మన సీఎస్‌ఈ, ఈసీఈ మిత్రుల చేతులు ఊరుకోవు. "ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసేయ్ రా, కొత్తదైపోతుంది" అని ఒకడంటాడు. "కాదు, డీడీ-డబ్ల్యూఆర్‌టీలో ఫీచర్లెక్కువ" అని ఇంకొకడు. గంటసేపు వాదన నడుస్తుంది కానీ, ఆ డబ్బాలో ఫ్లాష్ ఎంత, ర్యామ్ ఎంత, చిప్ ఎవరిది అని మాత్రం ఎవరూ అడగరు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పాత రూటర్‌కి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఫీచర్ల జాబితా ఆఖరున చూడాలి. మొదట చూడాల్సినవి రెండే: అది ఆ హార్డ్‌వేర్‌లో పడుతుందా? దాన్ని ఇంకా ఎవరైనా సరిచేస్తున్నారా?

కొంచెం వెనక్కి వెళ్దాం. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటర్ తెచ్చింది. దాని లోపల ఉన్నది లినక్స్ అని జనం కనిపెట్టారు. జీపీఎల్ లైసెన్స్ ప్రకారం సోర్స్ కోడ్ ఇవ్వాల్సిందేనని పట్టుబడితే 2003లో కంపెనీ ఇచ్చింది. 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. ఈ ప్రాజెక్టుల పేర్లలో ఉన్న 'డబ్ల్యూఆర్‌టీ' అక్కడి నుంచి వచ్చిందే.

అసలు పాఠం మాత్రం 2005లో ఉంది. అదే రూటర్ ఐదో వెర్షన్‌లో కంపెనీ లినక్స్ తీసేసి వీఎక్స్‌వర్క్స్ పెట్టింది. ఫ్లాష్ 4 ఎంబీ నుంచి 2కి, ర్యామ్ 16 నుంచి 8కి దిగాయి. పేరు అదే, నీలం డబ్బా అదే, లోపల సరుకు వేరు. లినక్స్ కావాలనేవాళ్ళ కోసం పాత సరుకుతోనే డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అని విడిగా అమ్మారు.

మనకి బాగా తెలిసిన డబ్బా చూద్దాం. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్. రెండు యాంటెన్నాల తెల్ల రూటర్, మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో ఉందో! దాని తొమ్మిదో వెర్షన్‌లో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్, ఎథిరోస్ చిప్. పదమూడో వెర్షన్‌లో 8 ఎంబీ, 64 ఎంబీ, చిప్ మీడియాటెక్. హమ్మయ్య పెరిగింది అనుకునేలోపు పద్నాలుగో వెర్షన్‌లో మళ్ళీ 4, 32. వెర్షన్ నంబర్ పెరిగింది, మెమరీ తగ్గింది! అందుకే పైన ఉన్న మోడల్ పేరు చూసి ఫైల్ డౌన్‌లోడ్ చేయడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. డబ్బా తిరగేసి, స్టిక్కర్ మీద వెర్షన్ చదివి, ఆ వెర్షన్ ఫైలే వెయ్యాలి.

మెమరీ ఎందుకంత ముఖ్యం? ఆ 4 ఎంబీలోనే కెర్నల్, ప్రోగ్రాములు, మన సెట్టింగులు అన్నీ సర్దుకోవాలి. ఏటేటా కెర్నల్ పెరుగుతోంది, ఫ్లాష్ పెరగదు. 4/32 రూటర్లకి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అధికారికంగా ఇచ్చిన ఆఖరి సిరీస్ 19.07, దానికీ 2022లో సపోర్టు ఆగిపోయింది. ఇప్పుడు కనీసం 8/64 ఉండాలంటారు, 16/128 ఉంటే నిశ్చింత. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని మన పెద్దలు ఊరికే అన్నారా?

తర్వాత చిప్. ఎథిరోస్ పాత వైఫై చిప్‌లకి ఓపెన్ డ్రైవర్లున్నాయి, వాటి మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ హాయిగా నడుస్తుంది. బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్లు ఎక్కువగా మూసిపెట్టినవి. అక్కడ డీడీ-డబ్ల్యూఆర్‌టీయో, బ్రాడ్‌కామ్ రూటర్ల కోసమే ఉన్న ఫ్రెష్‌టొమాటోనో నయం. కాబట్టి "ఏది బెస్ట్?" అని అడగడంలో అర్థం లేదు. "నా డబ్బాకి ఏది?" అని అడగాలి.

"ఇంట్లో రూటర్‌ని ఎవడు హ్యాక్ చేస్తాడులే" అనేవాళ్ళకి ఒక్క ఉదాహరణ. 2018లో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లోకి దూరింది. వాటిలో ఎక్కువ ఇళ్ళలో, చిన్న ఆఫీసుల్లో వాడే రూటర్లే. రూటర్ ఎవడి చేతికైనా చిక్కితే డీఎన్‌ఎస్ మార్చి నకిలీ సైట్‌కి మళ్ళించొచ్చు. బ్రౌజర్ హెచ్చరిస్తుంది, నిజమే. కానీ చదవకుండా ముందుకి నొక్కేసే వేళ్ళు ప్రతి ఇంట్లో ఉంటాయి. ఇంకో మాట: ఓపెన్ సోర్స్ అనేది తాయెత్తు కాదు. అప్‌డేట్లు ఆగిపోయిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి, అప్‌డేట్లు ఆగిపోయిన కంపెనీ ఫర్మ్‌వేర్‌కి ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

మరి ఏం చేయాలి? 8/64 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పరికరాల పట్టికలో మీ వెర్షన్ ఉంటే ధైర్యంగా వెయ్యండి. మొదటిసారి ఫ్యాక్టరీ ఇమేజ్, ఆ తర్వాత సిస్‌అప్‌గ్రేడ్ ఇమేజ్. చెక్‌సమ్ సరిచూడండి. వైఫై మీద కాకుండా లాన్ కేబుల్‌తోనే చేయండి. తిరిగి రావడానికి కంపెనీ ఫైల్, రికవరీ పద్ధతి ముందే దగ్గర పెట్టుకోండి. కరెంటు పోయే వేళ అస్సలు మొదలుపెట్టొద్దు.

4/32 డబ్బా అయితే ఇంటికి వీధి గుమ్మంలా నిలబెట్టకండి. దాన్ని ఇంకో మంచి రూటర్ వెనక పెట్టి, డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్ లాన్ పోర్టులో గుచ్చితే స్విచ్‌లా పనికొస్తుంది. లేదంటే నెట్‌వర్క్స్ ల్యాబ్ ప్రాక్టీసుకి వాడుకోండి. పాడైనా ఫర్వాలేని డబ్బా మీద నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేం. ఎలాగో ఇరికించి పాత ఇమేజ్ వేసి "రివైవ్ చేశా" అని స్టేటస్ పెట్టడం మాత్రం ఇంజనీరింగ్ కాదు.

అయితే తప్పంతా వాడేవాళ్ళదేనా? కాదు. పాల ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది, మాత్రల షీటు మీద ఉంటుంది. రూటర్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నాళ్ళిస్తారో కొనేటప్పుడు ఎవరు చెబుతున్నారు? బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి తయారీదారులు ఆ గడువు ప్రకటించడం చట్టం. మన దగ్గర అమ్మే ప్రతి డబ్బా మీద కూడా ఆ తేదీ కొట్టొచ్చినట్టు ఉండాలి. మనలో కొందరు రేపు ఈ ఫర్మ్‌వేర్ రాసే ఉద్యోగాల్లోనే చేరతారు, అప్పుడు ఈ మాట మీటింగులో అడగాల్సింది మనమే.

ప్రస్తుతానికి చిన్న పని. ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు రూటర్ తిరగేసి స్టిక్కర్ ఫొటో తీసుకోండి. వెర్షన్ ఏంటో, ఆఖరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూడండి. ఏ ఫర్మ్‌వేర్ అన్న చర్చ ఆ తర్వాత పెట్టుకుందాం.